తొమ్మిదేళ్ల అత్తగారు

బుధవారం ఉదయం బడిగంట మోగుతుండగా లోర్నా వరండా ఎక్కింది. ఆమె ఆ మెట్లు తొక్కి ఐదు వారాలైంది. సొంత అన్న పోయాడు. ఆయన ఊరికి వెళ్లి, ఒంటికి తెల్లసుద్ద పూసుకుని, నేల మీద పడుకుని, ఏడవవలసిన ఏడుపులన్నీ ఏడ్చి నిన్న సాయంత్రమే ఇల్లు చేరింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఇంకో వారం ఇంటి పట్టునే ఉండమని అందరూ చెప్పారు. పిల్లల మొహాలు చూస్తే మనసు కాస్త కుదుటపడుతుందని ఆమే పట్టుబట్టి వచ్చింది.

పద్నాలుగో మైలు బోరు అనే ఆ ఎడారి ఊరి బడిలో లోర్నా ఇరవై ఆరేళ్లుగా సహాయ ఉపాధ్యాయిని. ఆమె చూస్తుండగా పదకొండుమంది హెడ్మాస్టర్లు వచ్చారు, పోయారు. టీచర్ల సంఖ్య ఆమెకే గుర్తు లేదు. వచ్చిన వాళ్లంతా పట్నాల నుంచే వస్తారు, ఏడాదో రెండేళ్లో ఉండి, ఎర్రదుమ్ము దులుపుకుని వెళ్లిపోతారు. ఉన్న ఊళ్లో ఉండిపోయింది లోర్నా ఒక్కతే.

మూడో తరగతి గది సందడిగా ఉంది. అది 'వారసత్వ గణితం' వారం. దేశంలోని ఆదిమ జాతుల సంస్కృతిని, లెక్కలను కలిపి నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వుతో పాటు ఒక అట్టపెట్టె కూడా వచ్చింది. అందులో ప్లాస్టిక్ బూమరాంగులు, రంగు చుక్కల కాగితాలు, సముద్రపు తాబేళ్ల బొమ్మల కార్డులు ఉన్నాయి. సముద్రాన్ని టీవీలో తప్ప చూడని పిల్లలు ఆ తాబేళ్లను వరసగా పేర్చి లెక్కపెడుతున్నారు.

"టీచర్, ఈ తాబేలుని కాల్చుకుని తినొచ్చా?" అని అడుగుతున్నాడొకడు.

"ముందు ఎన్నున్నాయో చెప్పు బాబూ. తినడం సంగతి తర్వాత చూద్దాం."

"ఎన్నుంటే ఏంటి టీచర్, మా తాతకి ఒక్కటి చాలదు!"

గది గొల్లుమంది. టీచరు ఫీబీ కూడా నవ్వింది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. అడిలైడ్ నుంచి వచ్చి నాలుగు నెలలైంది. మంచి పిల్ల, కష్టపడే పిల్ల. అర్థంలేని అట్టపెట్టెను కూడా శ్రద్ధగా విప్పి, ప్రతి కార్డుకూ వెనక తన చేతి రాతతో అంకెలు రాసి పెట్టుకుంది.

లోర్నా నవ్వుతూనే గుమ్మంలో అడుగు పెట్టింది. ఆమె చూపు కిటికీ పక్కనున్న బల్ల మీద పడింది. మరుక్షణం, చూడకూడనిది చూసినట్టు రెండు చేతులతో మొహం కప్పుకుని గిరుక్కున వరండాలోకి వచ్చేసింది.

ఆ బల్ల దగ్గర ఉన్నది ఇద్దరు పిల్లలు. ఒకరు జరీకా, ఒకరు క్లీటస్. జరీకా చలి లేకపోయినా కోటు టోపీని కళ్ల దాకా లాక్కుని, గోడ వైపు తిరిగి, బెంచీ అంచున పడిపోయేలా కూర్చుని ఉంది. క్లీటస్ ఒక కాలు బెంచీ మీద, ఒక కాలు కిటికీ మీద పెట్టుకుని ఎప్పుడు దూకుదామా అన్నట్టున్నాడు. ఇద్దరి మధ్యా ఒకే పళ్లెం, అందులో లెక్కపెట్టే బిళ్లలు. ఒక్క బిళ్ల కూడా కదలలేదు.

పాఠకులకు ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. లోర్నా పుట్టిన ఆ ఆదిమ జనంలో ప్రతి బిడ్డకూ మామూలు పేరుతో పాటు ఒక వరస పేరు ఉంటుంది. అలాంటివి మొత్తం ఎనిమిది. ఎవరు ఎవరికి అమ్మ, ఎవరు మేనమామ, ఎవరు ఎవరిని చేసుకోవచ్చు అన్నదంతా ఆ ఎనిమిదింటితోనే తేలిపోతుంది. మేనరికాలు, వరసలు ఎరిగిన మనకు ఇది మరీ అంతుపట్టని సంగతేమీ కాదు. జరీకా వరస పేరు నంగల. క్లీటస్ వరస పేరు జకమర. నంగలకు పుట్టే కూతురు జకమరకు భార్య వరస. అంటే ఆ తొమ్మిదేళ్ల జరీకా ఆ తొమ్మిదేళ్ల క్లీటస్‌కు సాక్షాత్తూ అత్తగారు. మనకు నవ్వు రావచ్చు. అక్కడ మాత్రం అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మాట్లాడుకోరు, పేరు పలకరు, చేతిలోంచి చేతికి వస్తువు అందించుకోరు. అంత మర్యాద వాళ్లు మరే చుట్టానికీ ఇవ్వరు. చిన్నపిల్లలు ఆటల్లో దూరదూరంగా ఉంటూ సర్దుకుపోతారు, పెద్దలు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. అంతేగాని మోచేతులు రాసుకునేలా ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడమా?

ఫీబీ వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. "అక్కా! ఎప్పుడొచ్చావు? ఏమైంది, కళ్లు తిరుగుతున్నాయా? మంచినీళ్లు తేనా?"

"వాళ్లిద్దర్నీ అక్కడ ఎవరు కూర్చోబెట్టారు?"

"ఎవర్ని? జరీకా వాళ్లనా? నేనే. జంట చదువని కొత్త పద్ధతి అక్కా. చురుకైన పిల్లవాడి పక్కన కొంచెం వెనకబడ్డ పిల్లని కూర్చోబెడితే ఇద్దరూ మాట్లాడుకుంటూ నేర్చుకుంటారని."

"మాట్లాడుకుంటూ!" అంది లోర్నా. "ఎన్నాళ్లయింది?"

"నువ్వెళ్లిన మర్నాటి నుంచీ. కానీ ఏం లాభం లేకపోయింది. వాడేమో రోజూ కిటికీలోంచి దూకి పారిపోతాడు. పట్టుకొచ్చి మళ్లీ అక్కడే కూర్చోబెడుతున్నా. ఈ పిల్ల సంగతైతే మరీను. నోరే విప్పదు. పోనీలే, దానికి రేపటితో మంచి దారి దొరుకుతోంది."

"రేపేంటి?"

"నీకు తెలీదు కదూ! రేపు టపా విమానంలో జరీకాని పట్నం పంపుతున్నాం. అక్కడ బుద్ధి ఎదగని పిల్లలకి ప్రత్యేకమైన బడి ఉంది. హాస్టల్లో ఉంటుంది, సెలవులకి వస్తుంది."

చావింటి నుంచి వచ్చిన లోర్నాకు ఈ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. జరీకా ఆమె సొంత అక్క మనవరాలు. అక్క పోయాక ఆ పిల్లకు అమ్మమ్మ స్థానంలో ఉన్నది తనే. ఇసుకలో వేలితో గీతలు గీస్తూ కథలు చెబితే, చెప్పిన కథలో మర్నాడు తప్పులు పట్టే పిల్ల అది. అన్నను పాతిపెట్టి వచ్చిన మనిషికి, ఊరు చేరిన మర్నాడే బతికున్న మనవరాలిని కూడా పట్టుకుపోతున్నారన్న కబురు! ఆమె నేరుగా హెడ్మాస్టరు గదిలోకి నడిచింది. ఫీబీ బిక్కుబిక్కుమంటూ వెనకే వెళ్లింది.

హెడ్మాస్టరు గ్రాహం కాగితాలు తీసి చూపించాడు. అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. 'పదిలోపు కూడికలు రావు. ప్రశ్నకు జవాబు చెప్పదు. తోటివారితో కలవదు. వినికిడి లోపం గాని, బుద్ధిమాంద్యం గాని ఉండవచ్చు.' పరీక్ష ఎలా పెట్టారో కూడా రాసి ఉంది. 'పక్కనున్న నేస్తాన్ని పేరు పెట్టి పిలువు. అతని దగ్గర ఎన్ని బిళ్లలున్నాయో అడుగు. నీ బిళ్లలు కలిపి మొత్తం చెప్పు.' ఈ ప్రశ్న పదిసార్లు అడిగారట. పదిసార్లూ సున్నా. కింద జరీకా తల్లి రోజలీ సంతకం ఉంది.

లోర్నా ఆ ప్రశ్న రెండుసార్లు చదివింది. కాగితాన్ని గ్రాహం ముందుకు తోసింది.

"పేరు పెట్టి పిలవమన్నారా? అల్లుణ్ని? అందరి ముందరా?"

"అల్లుడేంటి?" అన్నాడు గ్రాహం.

లోర్నా చెప్పింది. కోపం అణుచుకుంటూ, పిల్లలకు చెప్పినట్టు విడమర్చి చెప్పింది. వింటూ వింటూ ఫీబీ మొహం పాలిపోయింది.

"అక్కా, ఊళ్లో ఒక్కరైనా నాకు చెప్పలేదే! రోజలీ వచ్చి సంతకం పెట్టింది, తనైనా అనలేదే!"

"ఎందుకంటారు చెల్లీ? నువ్వొచ్చిన మొదటి వారమే నిన్ను నా చెల్లెల్ని చేసుకుని నా వరస పేరే నీకిచ్చాను. నపురుల. నీ కాఫీ కప్పు మీద రంగులేసి మరీ రాసుకున్నావు, ఫొటో తీసి మీ అమ్మకి పంపుకున్నావు. పేరున్న మనిషికి వరసలు తెలియవని ఎవరనుకుంటారు? నీ కుడిచెయ్యి ఏదో నీకెవరైనా చూపిస్తారా? అన్నీ తెలిసే చేస్తోంది, ఏదో కారణం ఉండే ఉంటుందని ఊరుకున్నారు. తలలొంచుకుని సిగ్గుతో ఊరుకున్నారు."

"నేను... ముద్దుపేరు అనుకున్నాను," అంది ఫీబీ.

"ముద్దుపేరు కాదమ్మా. ఆ పేరుతో నువ్వు వాడికి మేనత్తవి. ఆ పిల్లకి అమ్మమ్మవి. అమ్మమ్మవై ఉండి, మనవరాల్ని తీసుకెళ్లి అల్లుడి ఒళ్లో కూర్చోబెట్టావు."

ఫీబీకి తల కొట్టేసినట్టయింది. గ్రాహం మాత్రం చెడ్డవాడు కాకపోయినా కాగితం మనిషి. "లోర్నా, నీ బాధ నాకర్థమైంది. బెంచీ మారుద్దాం, సరే. కానీ పరీక్ష పరీక్షే కదా. బెంచీ మారితే తెలివి వచ్చేస్తుందా? రేపు విమానం, అన్ని ఏర్పాట్లూ అయిపోయాయి."

"అయితే పరీక్ష ఇప్పుడే పెట్టండి. నా కళ్ల ముందు. ఆ పిల్ల ఒక్కటీ చెప్పలేకపోతే నేనే దాన్ని విమానం ఎక్కిస్తాను."

జరీకాను బడి వెనక రేకుల నీడలోకి తీసుకొచ్చారు. క్లీటస్ అప్పటికే దూరంగా మైదానంలో బంతి తన్నుకుంటున్నాడు. జరీకా వచ్చి లోర్నా ఒంటికి ఒళ్లు ఆనించి ఇసుకలో కూర్చుంది. టోపీ మాత్రం తియ్యలేదు. ఫీబీ వైపు కన్నెత్తి చూడలేదు.

లోర్నా ఇసుకను అరచేత్తో చదును చేసి వేలితో ఒక సున్నా చుట్టింది. "ఇది నంగల. నంగల కూతురెవరే?"

"నపల్జరి." గొంతు వినీ వినపడనట్టుంది.

"నపల్జరి కూతురు?"

"నపురుల."

"నపురుల కూతురు?"

"నపంగడి. మా అమ్మ."

"మరి నపంగడి కూతురు?"

"నంగల. అంటే మళ్లీ నేనే!" టోపీ కొంచెం వెనక్కి జారింది. "ఇదేం ప్రశ్న జాజా, పాలు తాగే పిల్లలు చెప్తారు." జాజా అంటే అమ్మమ్మ.

"ఓహో, అంత గొప్పదానివా. అయితే చెప్పు. నీ కూతురికి కూతురు, దానికి కూతురు, అలా పదో కూతురెవరు?"

"నపురుల."

గ్రాహం మొదట నవ్వి ఊరుకోబోయాడు. తర్వాత వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి లెక్కపెట్టుకున్నాడు. సరిపోయింది. ఆయన ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏభై మూడో కూతురు?" అని ఈసారి తనే అడిగాడు.

"నపల్జరి."

"నూరో కూతురు?"

"నంగల."

రెప్పపాటు కూడా పట్టలేదు. గ్రాహం జేబులోంచి కలం తీసి అరచేతిలో గీతలు గీసుకున్నాడు. చూస్తుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు లెక్కపెట్టనే లేదు. ఎలా తెలిసింది?"

జరీకా ఆయన్ని జాలిగా చూసింది. "అన్నీ ఎందుకు లెక్కపెట్టాలి? నాలుగింటికోసారి నా దగ్గరికే వచ్చేస్తుంది. నూరులో నాలుగులన్నీ తీసేస్తే ఏం మిగలదు, అంటే నేనే. ఒకటి మిగిలితే నా కూతురు. మూడు మిగిలితే మా అమ్మ."

"రెండు మిగిలితే?" అని ఫీబీ అడిగింది.

జరీకా మొట్టమొదటిసారి తలెత్తి ఆమె వంక చూసింది. "రెండు మిగిలితే నువ్వు. నూట రెండో కూతురు నువ్వే, జాజా."

శేషంతో భాగహారం మూడో తరగతి పుస్తకంలో చివరి పాఠం. తరగతిలో ఇంకా ఎవరికీ చెప్పలేదు. పదిలోపు కూడికలు రావని కాగితంలో రాసిన పిల్ల ఆ పాఠాన్ని ఇసుకలో కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ హెడ్మాస్టరుకు చెబుతోంది. ఆ ముగ్గురు పెద్దవాళ్లలో ఇద్దరు కొయ్యబారిపోయారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. జరీకా ఇసుకలోని సున్నాను చెరిపేస్తూ, అడగాలా వద్దా అన్నట్టు కాసేపు ఊగి, ఫీబీనే అడిగింది.

"జాజా, నేనేం తప్పు చేశాను?"

"తప్పా? నువ్వేం తప్పు చేశావమ్మా?"

"అదే నాకూ తెలీట్లేదు. తప్పు చేస్తేనే కదా అలా కూర్చోబెడతారు. వేరే ఎవరన్నా కూర్చోబెడితే తెలీక అనుకుందును. నువ్వు నాకు అమ్మమ్మవి కదా, నీకు తెలీకుండా ఎలా ఉంటుంది? చాలా పెద్ద తప్పే చేసుంటాను అనుకున్నా. రోజూ ఆలోచించా. మా అమ్మనడిగితే ఏడ్చింది. ఇప్పుడు విమానంలో పంపించేస్తున్నారు కూడా. అంత పెద్ద తప్పేంటో చెప్తే, ఇంకెప్పుడూ చెయ్యను."

ఫీబీ నిలువునా నీరైపోయింది. ఐదు వారాలు! తను ఓపికగా, ప్రేమగా, పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ఆ పిల్లను రోజూ అందరి ముందూ శిక్షిస్తూ వచ్చింది. 'మాట్లాడమ్మా, భయపడకు, నేస్తాన్ని పేరు పెట్టి పిలువు' అని బుజ్జగించిన ప్రతిసారీ ఆ పిల్ల మెదడు తను చెయ్యని తప్పును వెతుక్కుంటోంది. ఫీబీ ఇసుకలో కూలబడి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వేం తప్పు చెయ్యలేదు తల్లీ. చేసింది నేను. నాకు తెలీదు. నిజంగా నాకు తెలీదు."

జరీకా బిత్తరపోయి లోర్నా వైపు తిరిగింది. "పెద్దదై ఉండి తనకి వరసలు తెలీదా?"

"తెలీదే. నేర్పుదాం."

గ్రాహం లేచి తన గదిలోకి వెళ్లాడు. బీరువాలోంచి పాత కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. తను వచ్చిన నాలుగేళ్లలో ఇదే బడి నుంచి ఇదే విమానంలో పంపిన పిల్లలు ముగ్గురు. మూడు కాగితాల మీదా దాదాపు అవే మాటలు ఉన్నాయి. మాట్లాడదు. కలవడు. కూడికలు రావు. ముగ్గురిలో ఒక్కరు కూడా తిరిగి ఈ బడికి రాలేదు.

వెనకే వచ్చిన లోర్నా ఆ పేర్లు చూసింది. అందులో ఒక పిల్ల వెళ్లేనాడు తనే జడ వేసింది. అప్పుడు తను చిన్నపిల్లల గదిలో పనిచేసేది. ఆ పిల్లను ఎక్కడ కూర్చోబెట్టారో చూడనే లేదు. మంచి బడి అన్నారు, మేలు అన్నారు, తనూ నమ్మింది.

"వీళ్ల పక్కన ఎవరు కూర్చునేవారు?" అని అడిగాడు గ్రాహం.

ఏ కాగితంలోనూ అది రాసి లేదు. లోర్నా కుర్చీలో కూర్చుండిపోయింది. అన్నకోసం ఏడ్చి అరిగిపోయిందనుకున్న గొంతులోంచి మళ్లీ ఏడుపు వచ్చింది. గ్రాహం తలెత్తలేకపోయాడు.

ఆమె కళ్లు తుడుచుకుని అంది. "చూడు గ్రాహం. ఇరవై ఆరేళ్లుగా వినీ వినీ ఈ మాట నాకు నోటికొచ్చేసింది. మా పిల్లలకి లెక్కలు రావట. మీరు పెట్టెలో తెచ్చిన ప్లాస్టిక్ బూమరాంగే మా వారసత్వమని మీరనుకుంటారు. మా లెక్క ఆ పిల్ల తలలో ఉంది, నోట్లో ఉంది, ఎవరి పక్కన కూర్చోవాలో ఎవరికి దూరంగా ఉండాలో అన్న దాంట్లో ఉంది. ఆ లెక్క తప్పించి కూర్చోబెట్టి, ఇంకో లెక్క అడిగారు. నోరు కట్టేసి పాట పాడమన్నారు. మాది కూడా తప్పుంది. మీకు తెలుసనుకుని మేం ఊరుకున్నాం. ఇక ఊరుకోం. రేపట్నుంచి ఏ కాగితం మీదైనా సంతకం పడాలంటే ముందు మా పెద్దవాళ్లు ఆ గదిలోకి వచ్చి చూడాలి. ఆ ముగ్గురి దగ్గరికీ నువ్వూ నేనూ కలిసి వెళ్లాలి."

"వెళ్దాం," అన్నాడు గ్రాహం. ఆ రోజు మధ్యాహ్నమే పట్నానికి ఫోను చేసి జరీకా ప్రయాణం మాన్పించాడు. ఆ ముగ్గురి చిరునామాలు అడిగాడు.

గురువారం ఉదయం ఫీబీ గదిలోని బల్లలన్నీ గోడకు జరిపింది. "ఎవరెక్కడ కూర్చోవాలో మీరే చూసుకుని కూర్చోండి. నాకు రాదు. నేను చూసి నేర్చుకుంటాను," అని పక్కకు తప్పుకుంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇరవై ఇద్దరూ ఒక్కసారిగా కదిలారు. ఎవరూ ఎవరినీ అడగలేదు, తోసుకోలేదు. క్లీటస్ ఆ చివరికి వెళ్లి, కిటికీకి వీపు పెట్టి కూర్చుని పుస్తకం తెరిచాడు. టీచరు మూడు వారాలు ఆలోచించి గీసుకున్న బెంచీల పటాన్ని పిల్లలు మూడు నిమిషాల్లో సరిచేశారు.

టపా విమానం పైన ఒక చుట్టు తిరిగి దిగింది. సంచులు దింపి, ఎవరినీ ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. ఆ చప్పుడుకు ఫీబీ మాత్రమే ఉలిక్కిపడింది. జరీకా టోపీ తీసేసి, తన పక్కనున్న ఖాళీ చోటును చేత్తో తట్టింది.

"నువ్విక్కడ జాజా. అమ్మమ్మ పక్కన కూర్చోవచ్చు. ముందు నీ కూతురెవరో చెప్పు చూద్దాం."

"నపల్..." అంది ఫీబీ.

"కాదు!" అని గదంతా అరిచింది.

ఆ సాయంత్రం ఫీబీ పాత నివేదిక మీద అడ్డంగా గీత కొట్టి, దాని కిందే తన చేత్తో ఇలా రాసి పైకి పంపింది: 'ఈ బిడ్డకు లెక్కలు బాగా వచ్చు. ఏ బిడ్డకైనా ఏదైనా రాదని రాసే ముందు, ఆ బిడ్డ నోరు విప్పగలిగే చోట కూర్చోబెట్టి అడిగానా అని ఉపాధ్యాయులు తమను తాము ప్రశ్నించుకోవాలి. నేను ప్రశ్నించుకోలేదు.'